కోనసీమలో కొబ్బరి తోట కొనాలంటే: ముందు నీళ్లు, తర్వాతే కాగితాలు

సంక్రాంతికి కోనసీమ వస్తే ఎవరికైనా ఇక్కడ చారెడు నేల కొనుక్కోవాలనిపిస్తుంది. కాలువలు నిండుగా పారుతుంటాయి. దాళ్వా (రెండో పంట వరి) నాట్లు అప్పుడే పడుతుంటాయి. ఎండలో చురుకు ఉండదు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసి వెనక్కి వస్తూ, దారిలో ఏదో ఒక తోట దగ్గర కారు ఆపి "ఇది అమ్ముతారా అండీ?" అని అడగని చుట్టం మా ఇంట్లో లేరు. నేనూ అలాగే అడిగాను. నాది విజయవాడలో ఉద్యోగం, పుట్టిల్లు అంబాజీపేట వైపు. శని, ఆదివారాలు గడపడానికి 45 సెంట్ల కొబ్బరి తోట, అందులో ఒక పాత పెంకుటిల్లు కొన్నాను. కొని ఏడేళ్లయింది. ఆ తోటంటే నాకు ప్రాణం. కానీ కొనే ముందు ఎవరైనా కూర్చోబెట్టి వరసగా చెప్పి ఉంటే ఒక పెద్ద నష్టం, బోలెడంత టెన్షన్ తప్పేవి. మీకు అవి తప్పాలని ఇది రాస్తున్నాను.

మొదటి మాట: సంక్రాంతిలో చూసి నచ్చిన నేలను సంక్రాంతిలోనే కొనకండి. బయానా (అడ్వాన్సు) కూడా ఇవ్వకండి. అదే నేలను వేసవిలో కాలువలు కట్టేశాక ఒకసారి, శ్రావణ భాద్రపదాల్లో గోదావరికి వరద వచ్చినప్పుడు ఒకసారి చూడండి. ఆ రెండుసార్లూ నచ్చితే అప్పుడు బేరానికి కూర్చోండి. ఏడెనిమిది నెలలు ఆగితే ధర పెరిగిపోతుందని మధ్యవర్తి తొందర పెడతాడు. పెరిగితే పెరగనివ్వండి. మునిగే నేలను చౌకగా కొనడం కంటే మునగని నేలకు కొంచెం ఎక్కువ పెట్టడమే మేలు.

ఏం కొంటున్నారో తేల్చుకోండి

ఇక్కడ వారాంతపు ఇంటికి జనం కొనేవి ముఖ్యంగా మూడు రకాలు: వరి చేను, కొబ్బరి తోట, ఊళ్లో పెరడుతో ఉన్న పాత ఇల్లు.

వరి చేను చూడ్డానికి బాగుంటుంది, మిగతా రెంటికంటే చౌకగానూ దొరుకుతుంది. నా మాట వింటే దాని జోలికి వెళ్లకండి. చేను అంటేనే పల్లం, నీళ్లు నిలవడానికి చేసిన నేల. అందులో ఇల్లు కట్టాలంటే లారీల కొద్దీ మట్టి తోలి మెరక చెయ్యాలి. తోలిన మట్టి కనీసం ఒక వానాకాలం తడిసి కుంగి కుదురుకున్నాకే పునాది తియ్యాలి. మీరు మెరక చేస్తే పక్క చేల నీళ్లు కదలక వాళ్లతో గొడవ మొదలవుతుంది, అందులో వాళ్ల తప్పేమీ ఉండదు.

కొబ్బరి తోట సహజంగానే మెరక మీద ఉంటుంది. ఎకరానికి 60, 70 చెట్లు పడతాయి కాబట్టి అర ఎకరంలో ముప్పై చెట్ల నీడ. ఒక చిన్న ఇంటికి అంతకు మించి అక్కర్లేదు. నా సలహా 30 నుంచి 50 సెంట్లు, ఊరికి ఆనుకుని. ఊరికి దూరంగా ఒంటరి తోట కొంటే ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు, కానీ మీరు లేని అయిదు రోజులూ దాన్ని చూసే కళ్లు ఉండవు. మోటారు పోతుంది, తలుపులు పోతాయి, కాయలు పోతాయి.

ఊళ్లో పాత ఇల్లు, ముఖ్యంగా మండువా లోగిలి దొరికితే అదృష్టమే. అయితే అలాంటి ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంటాయి. పొలాలకున్నట్టు వాటికి అడంగల్, 1బి అనే రెవెన్యూ రికార్డులు ఉండవు. ఇంటి పన్ను రసీదులు, పాత రిజిస్టర్డ్ దస్తావేజులు, భాగ పంపకాల కాగితాలే ఆధారం. ఒక్కో ఇంటికి పదిమంది వారసులు తేలతారు.

విదేశాల్లో ఉన్నవారికి ఒక మాట. ఎన్నారైలు, ఓసీఐ కార్డు ఉన్నవారు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారు) మన దేశంలో వ్యవసాయ భూమి గానీ తోట గానీ ఫాంహౌస్ గానీ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇల్లు, ఇంటిస్థలం కొనుక్కోవచ్చు. కువైట్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు డబ్బు పంపి తన పేరున తోట రాయించమంటే, ఆ పని చెయ్యకండి.

నీళ్లు ఎటు వస్తాయి, ఎటు పోతాయి

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసిన తర్వాతే ఈ నేల మనం చూస్తున్న డెల్టా అయింది. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు బయల్దేరతాయి. కోనసీమ మధ్య డెల్టా, గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్న భాగం. కాలువ నుంచి పిల్ల కాలువ, దాన్నుంచి బోదె, బోదె నుంచి చేను. చేలోంచి మురుగు బోదె, దాన్నుంచి డ్రెయిన్, డ్రెయిన్ నుంచి సముద్రం. మీరు కొనబోయే చెక్క (నేల ముక్క) ఈ దారిలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగేదాకా కాగితాల సంగతి ఎత్తవద్దు.

మొదట ఏటిగట్టు. స్థలం గట్టుకి నది వైపు ఉందా, ఊరి వైపు ఉందా? నది వైపు ఉంటే అది లంక. లంకల అందం ఇంకెక్కడా ఉండదు, ఒండ్రు మట్టిలో ఏది వేసినా పండుతుంది. కానీ వరద వచ్చిన ప్రతిసారీ అవే ముందు మునుగుతాయి. పి.గన్నవరం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగినప్పుడల్లా ఆ ఊరివాళ్లకు పడవే దారి అయింది. బూరుగులంక, ఊడిమూడిలంక వైపు కూడా వరద రోజుల్లో అదే పరిస్థితి చూశాం. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఆ జీవితానికి అలవాటు పడి ఉంటారు, వాళ్లకు పడవ ఉంటుంది, గట్టు మీద చుట్టాలు ఉంటారు. వారానికోసారి వచ్చే మనకు అవేవీ ఉండవు. పైగా లంక భూముల్లో చాలా భాగం ప్రభుత్వానిది, సాగు హక్కు తప్ప అమ్మే హక్కు ఉండదు. లంకలో కొనకండి.

ఇక గట్టుకి ఊరి వైపు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ గుర్తుపెట్టుకోండి, వానాకాలంలో ఊళ్లో అందరి నోటా ఇవే వినపడతాయి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగాయి. 2022 జులైలో దాదాపు 26 లక్షలు వచ్చింది. ఈ రెండు సంవత్సరాల్లో మీ స్థలంలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. అమ్మేవాణ్ణి కాదు, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లను అడగండి. నేను అడిగితే ఒక తాతగారు చేతికర్రతో గోడ మీద గీత చూపించారు. "ఆయ్, ఎనభయ్యారులో ఇక్కడికొచ్చాయండి అమ్మగారూ. మొన్న ఇరవై రెండులో మెట్టు కూడా తడవలేదండి." ఆ ఒక్క మాట మీద నేను ధైర్యంగా ముందుకెళ్లాను, ఇంటి అరుగు ఆ గీత కంటే అడుగు ఎత్తు చేయించాను.

నది వరద కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వాన ముంపు. తుపాను వాన రెండు రోజులు పట్టిందంటే, నది ఎక్కడో దూరంగా ఉన్నా డ్రెయిన్ లాగకపోతే తోటలో మోకాలి లోతు నీళ్లు వారం రోజులు నిలుస్తాయి. 2011లో కోనసీమ రైతులు సార్వాకి (వానాకాలం వరికి) పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ ముంపు ఒకటి. కాబట్టి మీ తోటకు మురుగు బోదె ఉందా, అది ఏ డ్రెయిన్‌లో కలుస్తుంది, ఆ డ్రెయిన్‌లో గుర్రపుడెక్క ఎంత పట్టింది, ఇవన్నీ నడిచి చూడండి. రెండు కిలోమీటర్లయినా సరే, డ్రెయిన్ వెంబడి నడవండి.

సముద్రం వైపు మండలాల్లో మరో చిక్కు. పోటు సమయంలో సముద్రపు నీరు డ్రెయిన్లలోకి ఎగదన్నుతుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి అలా ఉప్పు ఎక్కి కొబ్బరి తోటలు తలలు రాలి మోడులైపోయాయి. అటువైపు వెళితే ఒకసారి చూడండి, ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. అంతర్వేది, ఓడలరేవు దగ్గర సముద్రం కనిపించే స్థలం అంటూ ఎవరైనా చూపిస్తే, పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయని గుర్తుంచుకోండి. కొనగలరు, కట్టుకోవడం దగ్గర ఆగిపోతారు.

రొయ్యల చెరువులు. భీమవరం, నర్సాపురం వైపే కాదు, ఇప్పుడు కోనసీమలోనూ వరి చేలు చెరువులైపోయాయి. పక్కన చెరువు ఉంటే ఊటగా ఉప్పు మీ నేలలోకి దిగుతుంది, బావి నీళ్లు మారతాయి, రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు, పట్టుబడి అయ్యాక వాసన. ఆ రైతు బతుకుతెరువు అది, ఆయన్ను తప్పు పట్టలేం. ఇప్పుడు చెరువు లేకపోయినా, మీ పక్క చేలవాళ్లకు తవ్వే ఆలోచన ఉందేమో కనుక్కోండి. కొల్లేరు పరిసరాల్లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) లోపల అయితే అసలు వద్దు, అది 1999 నుంచి అభయారణ్యం.

తాగునీరు చివరిగా చూసేది కాదు. కోనసీమలో చాలాచోట్ల మంచినీరు పైపొరలో పల్చగా ఉంటుంది, దాని కింద ఉప్పు. బోరు లోతుగా వేస్తే మంచి నీళ్లు పడతాయనేది ఇక్కడ చెల్లదు. పక్కింటి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకుని పరీక్ష చేయించండి. అంతకంటే ముందు వాళ్లింట్లో ఇల్లాలిని అడగండి, "ఈ నీళ్లతో పప్పు ఉడుకుతుందా అండీ?" అని. నాకు దొరికిన సమాధానాల్లో అన్నిటికంటే నమ్మకమైనది ఆవిడదే. ఇదంతా వేసవిలో, దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేసిన రోజుల్లో చెయ్యాలి. కాలువ పారుతున్నప్పుడు ప్రతి బావీ తియ్యగానే ఉంటుంది.

దారి

నా పెద్ద నష్టం ఇక్కడ జరిగింది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. నా తోటకు రోడ్డు నుంచి వంద గజాలు లోపలికి వెళ్లాలి. ఎడ్లబండి పట్టే దారి ఉంది, అందరూ నడుస్తున్నారు, నేనూ కారులోనే వెళ్లాను. అది పుంత, అంటే ఊరుమ్మడి బండి దారి అనుకున్నాను. రెండేళ్ల తర్వాత పక్క చేను చేతులు మారింది. కొత్తాయన హద్దు కొలిపించి కంచె వేశారు. అప్పుడు తెలిసింది, అది పుంత కాదు, పాత యజమాని మంచితనం కొద్దీ వదిలిన గట్టు. చివరికి ఆయన దగ్గరే నాలుగు సెంట్లు దారి కోసం కొన్నాను, తోటకు పెట్టిన ధరకి రెట్టింపు ధర పెట్టి. ఆయన అన్యాయం చేశారని అనను. అడగాల్సింది నేను అడగలేదు.

మీరు ఇలా చేయండి. ప్రభుత్వ భూరికార్డుల మీభూమి సైట్‌లో గ్రామ పటం, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (కొలతల పటం) తీసుకోండి. పుంత అయితే పటంలో గీత ఉంటుంది, రికార్డులో పోరంబోకు అని ఉంటుంది. లేకపోతే అమ్మేవారి దస్తావేజులో దారి హక్కు గురించి స్పష్టంగా రాసి ఉండాలి. రెండూ లేకపోతే దారి లేనట్టే లెక్క. కాలువ గట్టు మీదుగా వెళ్లే దారైతే ఆ గట్టు జలవనరుల శాఖది. బోదె దాటడానికి తూము వేసి వంతెన కట్టాలన్నా వాళ్ల అనుమతి కావాలి.

దారి వెతికేటప్పుడే చుట్టూ పసుపు రంగు రాళ్లు, పైపులైన్ హెచ్చరిక బోర్డులు ఏమైనా ఉన్నాయేమో చూడండి. కోనసీమ నేల కింద గ్యాస్ పైపులు చాలా ఉన్నాయి. 1995లో పాశర్లపూడి బావి మంటలు రెండు నెలలకు పైగా మండాయి, 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైన్ పేలి ఎంతోమంది చనిపోయారు. పైపు వెళ్లే పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. హై టెన్షన్ లైన్ల కింద కూడా అంతే.

కాగితాలు

అడంగల్, 1బి మీభూమిలో మీరే తీసుకోవచ్చు. 1బిలో యజమాని పేరు, అడంగల్‌లో సాగు చేస్తున్నవారి పేరు ఉంటాయి. రెండు పేర్లూ వేరైతే అక్కడ కౌలుదారు ఉన్నారేమో కనుక్కోండి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది, విస్తీర్ణం ఒకటి రెండు సెంట్లు తేడా కూడా వచ్చింది. దస్తావేజులో ఉన్నదీ, కొత్త రికార్డులో ఉన్నదీ, నేల మీద ఉన్నదీ మూడూ సరిపోవాలి. గోదావరి జిల్లాల్లో కౌలు సాగు ఎంత ఎక్కువో మీకు తెలుసు. 1956 నాటి కౌలు చట్టం ప్రకారం భూమి అమ్మేటప్పుడు సాగులో ఉన్న కౌలుదారుకి ముందు అవకాశం ఇవ్వాలి. అందుకే ఆ రైతును పిలిచి కూర్చోబెట్టి, కొనే ఉద్దేశం ఆయనకు లేదని, పంట ఎత్తుకున్నాక నేల ఖాళీ చేస్తారని కాగితం రాయించుకోండి. చేలో పంట ఉండగా స్వాధీనం అడగకండి. ఆ పంట ఆయన కష్టం.

ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనీసం 30 ఏళ్లకు తీయించండి. దాంతోపాటు లింకు దస్తావేజులన్నీ తీసుకుని ఒక్కో చేతిమార్పునూ వరసగా పేర్చండి. మధ్యలో ఒక్క లింకు తెగినా ఆగండి. అక్కడే వీలునామా అనో, నోటి మాట మీద పంపకాలు అనో, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అనో కథ వినపడుతుంది. సహకార సంఘంలోనో బ్యాంకులోనో పంట రుణం బాకీ ఉందేమో అడిగి, బాకీ లేదన్న కాగితం తెమ్మనండి.

తర్వాత 22ఎ జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడొచ్చు. దేవస్థానం మాన్యాలు, సీలింగు మిగులు (భూపరిమితికి మించిందని ప్రభుత్వం తీసుకున్న భూమి), పోరంబోకు అన్నీ అందులోకి వస్తాయి. కోనసీమలో గుడి లేని ఊరు లేదు, మాన్యం లేని గుడీ తక్కువే. తరతరాలుగా అనుభవిస్తున్నామని ఎవరు చెప్పినా సరే, దేవుడి భూమి దేవుడిదే. అనుమానం ఉంటే తహసీల్దార్ ఆఫీసులో పాత ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూసర్వే రిజిస్టరు) చూపించమనండి. ఆ నేల మొదట్లో ఏ వర్గం కింద నమోదైందో అందులో ఉంటుంది. ప్రభుత్వం పేదలకు పంచిన డి-పట్టా భూములు 1977 చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేనివి. 2023లో ఇరవై ఏళ్లు దాటిన వాటికి సడలింపు ఇచ్చారు, ఆ తర్వాత వాటి రిజిస్ట్రేషన్ల మీద విచారణలూ వచ్చాయి. పేదవారికి ఇచ్చిన నేల అది, మన విశ్రాంతి ఇంటికోసం దాన్ని అడగడం నాకైతే మనసొప్పదు.

ఆడపడుచుల సంతకాల దగ్గర అసలు మొహమాటపడకండి. మన రాష్ట్రంలో 1985 నుంచే ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు వచ్చింది, 2005 నుంచి దేశమంతా వచ్చింది. అయినా ఇప్పటికీ "చెల్లాయికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అనే మాట వింటూనే ఉంటాం. మా తాతగారి పొలం అమ్మినప్పుడు మా మేనత్తను ఎవరూ అడగలేదు. కొన్నాయన ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు, మా అత్తయ్య పుట్టింటి గడప తొక్కడం మానేసింది. డబ్బు పోతే వస్తుంది, ఆవిడ రాలేదు. కాబట్టి వంశవృక్షం రాయించుకోండి, కూతుళ్లందరినీ రిజిస్ట్రేషన్‌కి పిలిపించండి. వాటాదారుల్లో మైనర్ ఉంటే కోర్టు అనుమతి లేకుండా కొనకండి.

ఇవన్నీ కట్టగా పట్టుకుని అమలాపురంలోనో, రాజోలులోనో, నర్సాపురంలోనో, ఏ కోర్టు పరిధి అయితే అక్కడ, సివిల్ కేసులు చూసే లాయరు దగ్గరికి వెళ్లి లిఖితపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. అమ్మేవారి లాయరు వద్దు. యానాం హద్దుల్లోని నేలైతే అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, రికార్డులూ రిజిస్ట్రేషనూ అన్నీ అక్కడి పద్ధతే. ఇవతలి ఊరికీ అవతలి ఊరికీ మధ్య తేడా కంటికి కనపడదు కాబట్టి ముందే అడగండి.

కొలత, బేరం, రిజిస్ట్రేషన్

సచివాలయంలో ఉండే గ్రామ సర్వేయరు చేత కొలిపించాలి. దానికి అమ్మేవారి పేరున ఎఫ్‌లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టించండి. కొలిచే రోజు నాలుగు వైపులవాళ్లకూ ముందే కబురు పెట్టి అందరి ఎదుటా రాళ్లు పాతించండి. హద్దు మీద ఉన్న కొబ్బరి చెట్టు ఎవరిదో అప్పుడే తేల్చుకోండి. వినడానికి చిన్న విషయం, కానీ ఒక్క చెట్టు కాయల దగ్గర రెండు తరాలు మాట్లాడుకోని ఇళ్లు నాకు తెలుసు.

ధర ఊరిని బట్టి, రోడ్డును బట్టి మారుతుంది. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకి 48.4 చదరపు గజాలు. మధ్యవర్తి ఒకసారి ఎకరంలో, ఒకసారి గజాల్లో చెబుతుంటే అన్నీ సెంట్లలోకి మార్చుకుని పోల్చండి. అదే చుట్టుపక్కల ఈమధ్య జరిగిన రెండు మూడు రిజిస్ట్రేషన్లు కనుక్కోండి. బయానా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి అడ్వాన్సు 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా ఇవ్వడం, పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. అగ్రిమెంటులో గడువు, దారి, చెట్లు, మోటారు, కరెంటు మీటరు, ఇల్లు అన్నీ పేరుపేరునా రాయించండి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అది బడ్జెట్‌లో వేసుకోండి. దస్తావేజు లేఖరి రాసిన చిత్తుప్రతిని ఇంటికి తెచ్చుకుని చెక్కుబందీ (హద్దుల వివరం) నాలుగు దిక్కులూ తోటలో నిలబడి చదువుకోండి. మా చిత్తులో తూర్పు, పడమర తారుమారు అయ్యాయి. ముందే చూశాం కాబట్టి అయిదు నిమిషాల్లో సరిపోయింది.

రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ అయ్యిందో లేదో 1బి తీసి చూసుకోండి. మీ పేరు ఎక్కేదాకా పని అయిపోయిందనుకోవద్దు.

ఇల్లు, మనుషులు

తోటలో కొత్తగా ఇల్లు కట్టాలంటే భూవినియోగ మార్పిడి నిబంధనలు, పంచాయతీ అనుమతి రెండూ చూసుకోవాలి. మార్పిడి నిబంధనలు ఈమధ్య మారుతున్నాయి కాబట్టి మీరు కట్టబోయే నెలలో ఏ పద్ధతి ఉందో పంచాయతీ కార్యదర్శిని అడిగి చెయ్యండి. నల్లమట్టి ఎండితే పగులుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. సిటీ మేస్త్రీని తీసుకురాకుండా ఆ ఊరి మేస్త్రీతోనే పునాది మాట్లాడండి. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు తోటలుగా పడిపోయాయి. చెట్టు పొడవెంతో చూసుకుని, పడితే తగలనంత దూరంలో ఇల్లు ఉండాలి. రేకులు వద్దు, గాలికి లేచిపోతాయి. కాయలు కాసే చెట్టు కింద కారు గానీ పిల్లల ఉయ్యాల గానీ పెట్టకండి.

తోట చూసే మనిషి దొరకడం నేల దొరకడం కంటే కష్టం. మా తోట చూసే దంపతులను నేను బాబాయ్, పిన్నీ అని పిలుస్తాను. వాళ్లకు నెల జీతంతోపాటు కాయల్లో వాటా ఉంది. తోటలో ఇంట్లో ఉంచితే ఏ పనికి, ఏ షరతుల మీద ఉంటున్నారో తెలుగులో ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకాలు చెయ్యండి, అది వాళ్లకూ భద్రత. రెండు నెలలకోసారి దింపు తీయించాలి, అంటే కాయలు కోయించాలి. దింపు కార్మికులు ఇప్పుడు తక్కువ, ముందే చెప్పుకోవాలి. తెల్లదోమ, నల్లి, కొమ్ము పురుగు వస్తే మందు కొట్టే ముందు అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రంలో అడగండి. కాయల డబ్బుతో తోట ఖర్చు గడిస్తే చాలనుకోండి, లాభం లెక్క వేసుకుని కొనకండి. చెట్ల మధ్య ఖాళీలో కోకో, అరటి, కంద వేసుకోవచ్చు. మొక్కలు కడియం నర్సరీల్లో దొరుకుతాయి.

కొన్న మొదటి ఏడాది మే నెలలో, కాలువలు కట్టేసి ఉండగా, ఊళ్లోవాళ్లు బోదెల్లో పూడిక తీసుకుంటారు. ఎవరి చెక్క పొడవుకి తగ్గట్టు వాళ్ల వాటా కూలి. మిమ్మల్ని ఎవరూ అడగరు, పట్నం మనిషి అని వదిలేస్తారు. మీరే వెళ్లి మీ వాటా ఎంతో కనుక్కుని ఇవ్వండి. ఆ రోజు తోటలోనే ఉండండి, పారతో మట్టి ఎత్తేవాళ్లకు మజ్జిగ ఇవ్వండి. జూన్‌లో నీళ్లు వదిలినప్పుడు మీ బోదెలో నీరు ఏ వైపు నుంచి వచ్చి ఎటు పోతోందో గట్టు మీద నిలబడి చూసుకోండి.